తక్కువ నీళ్లతో అంట్లు తోముకుందాం

ఎండాకాలంలో బోరింగు దగ్గర బిందెల వరుస పెరుగుతుంది. అంట్లకే రెండు బిందెలు పోస్తే తాగడానికి ఏం మిగులుతాయి? అక్కల్లారా, ఇలా చేసి చూడండి.

తిన్న గిన్నెలను ఎండనివ్వకండి. ఎండితే ఎక్కువ నీళ్లు పడతాయి. ముందు మెతుకులు తీసి కోళ్లకు వేయండి. చల్లారిన కట్టెల బూడిదను జల్లించండి. కాస్త తడిపి కొబ్బరి పీచుతో తోమండి. చౌడులో ఉన్నట్టే బూడిదలోనూ క్షారం ఉంటుంది. అది నూనె జిడ్డును సబ్బులా వదిలిస్తుంది.

ప్లాస్టిక్కు, చెత్త కాల్చిన బూడిద వద్దు. వీధి మట్టి అసలే వద్దు. అందులో ఏలికపాముల గుడ్లు, రోగాలు తెచ్చే క్రిములు ఉండొచ్చు.

తోమిన గిన్నెలకు అంటిన బూడిదను గుడ్డతో తుడవండి. రెండు తొట్లలో కొంచెం కొంచెం నీళ్లు పోసుకోండి. మొదటి దాంట్లో ముంచి కడగండి. రెండో దాంట్లో జాడించండి. గ్లాసులు ముందు, జిడ్డు గిన్నెలు చివర. తర్వాత ఎండలో ఆరబెట్టండి.

తాగే గ్లాసుకు, పసిబిడ్డ గిన్నెకు మాత్రం పైనుంచి మంచినీళ్లు పోసి కడగాలి. అక్కడ పొదుపు వద్దు. చెంబుడు నీళ్లు మిగిల్చి, బిడ్డకు విరేచనాలు తెచ్చుకుంటే ఏం లాభం?

తొట్టిలో మిగిలిన నీళ్లు పారబోయకండి. సొర పాదుకు పోయండి.