కాలువ గట్టున కాపలా పెట్టె, దాని బ్యాటరీ

బెంగళూరు రాజకాలువల వెంట, వంతెనల అంచున అమర్చిన చిన్న పెట్టెలను మనలో చాలామంది చూసే ఉంటారు. కాలువలో నీరు ఎంత ఎత్తుకు చేరినదో కొలిచి, ఆ అంకెను రేడియో ద్వారా కేంద్రానికి చేరవేయడం వాటి పని. సౌరఫలకం లేని పెట్టెకు లోపలి బ్యాటరీయే ఆధారం. అది నిండుకున్న రాత్రి కుంభవృష్టి కురిస్తే, పల్లపు వీధులవారికి హెచ్చరిక అందదు.

ఆ శక్తిని హరించేది కొలత కాదు, రేడియో. అందులోనూ ఒక వింత ఉన్నది. మాట్లాడటానికే ఖర్చు అవుతుందనీ, వినడం ఉచితమనీ మనం అనుకుంటాము. సెన్సర్లలో విరివిగా వాడిన ఒక రేడియో చిప్‌కు పంపేటప్పుడు సుమారు 17 మిల్లీయాంపియర్లు అవసరం కాగా, ఊరకే వింటూ కూర్చున్నప్పుడు దాదాపు 19 అవసరం. 2,400 మిల్లీయాంపియర్-గంటల బ్యాటరీతో నిరంతరం వింటే అయిదు రోజులకే మూగబోతుంది. నూటికి ఒక వంతు కాలం మాత్రమే మేలుకొని తక్కిన కాలమంతా నిద్రిస్తే, అదే బ్యాటరీ ఏడాదికి పైగా వస్తుంది. అందువలన ఈ పెట్టెలు కుంభకర్ణుని వంశానివి. నియమిత సమయానికి లేచి, అంకె చెప్పి, మళ్లీ నిద్రిస్తాయి. నీరు వేగంగా పెరిగినప్పుడు మాత్రం తరచుగా లేచేలా వాటిని అమర్చవచ్చు.

అయితే లేచిన వేళ దారి ఖాళీగా ఉండాలి కదా! మన దేశంలో 865–868 మెగాహెర్ట్జ్ తరంగపట్టీని, నిర్ణీత శక్తి పరిమితికి లోబడి, లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు. నీటి మీటర్లు, వీధిదీపాల నియంత్రణ పరికరాలు కూడా అక్కడికే రావచ్చు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే సందేశాలు ఢీకొని చెడిపోతాయి. తిరిగి పంపితే ఖర్చు రెట్టింపు. పంపే ముందు క్షణకాలం విని, సందడి ఉంటే కొంత ఆగి ప్రయత్నించడం ఒక ఉపాయం. ఆ వినడానికీ శక్తి ఖర్చవుతుంది గనుక అది క్షణకాలమే కావాలి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఇంటింటి వైఫై రద్దీ మరీ ఎక్కువ. అక్కడ పనిచేసే జిగ్‌బీ సెన్సర్లకు 16 మార్గాలున్నాయి. వైఫై సాధారణంగా వాడే మార్గాలకు వెలుపల పడే 26వ దానిని ఎంచుకోవడం తెలివైన పని.

పౌరులు గమనించవలసినది ఇక్కడే ఉన్నది. లోరా పద్ధతిలో సంకేతం బలహీనపడినకొద్దీ పరికరం నిదానంగా, సాగదీసి మాట్లాడుతుంది. అత్యంత వేగవంతమైన స్థాయితో పోలిస్తే అత్యంత నెమ్మదైన స్థాయిలో అదే సందేశానికి 20 రెట్లకు మించిన సమయం పట్టవచ్చు. బ్యాటరీ ఆ మేరకు కరుగుతుంది, ఇరుగుపొరుగు పరికరాలకూ అంతసేపు దారి మూసుకుపోతుంది. దొంగల భయంతో నీటి మీటరు మీద ఇనుప మూత బిగించడం, కాలువ గట్టు పెట్టెకు ఆనించి రేకుల పందిరి వేయడం ఇందుకే తగవు. మీటరుకు మూత తప్పనిసరి అయితే ప్లాస్టిక్‌ది వాడండి.