బొమ్మలు ఆమెవి, పేరు ఇంకొకరిది

టీవీలోనో, పుస్తకాల షాపులోనో టారో కార్డులు మీరు చూసే ఉంటారు. జోస్యం చెప్పేవాళ్లు బల్ల మీద పరిచి, ఒక్కొక్కటే తిప్పుతూ మాట్లాడతారు. నాకు జోస్యాల మీద పెద్ద గురి లేదు గానీ, ఆ బొమ్మలు గీసిందెవరో తెలిశాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు.

ఆవిడ పమేలా కోల్‌మన్ స్మిత్. 1878లో లండన్‌లో పుట్టింది. కొన్నాళ్లు జమైకాలో పెరిగి, న్యూయార్క్‌లో బొమ్మలు వేయడం నేర్చుకుంది. తర్వాత లండన్ నాటకాలవాళ్లతో కలిసి పనిచేస్తూ, 1901లో 'గోల్డెన్ డాన్' అనే రహస్య సంఘంలో చేరింది.

ఈ సంఘం సంగతి కాస్త చెప్పాలి. దీన్ని 1888లో లండన్‌లో పెట్టిన ముగ్గురూ ఫ్రీమేసన్లే. అక్కడి ఫ్రీమేసన్ల లాడ్జీల్లో ఆడవాళ్లను చేర్చుకునేవారు కాదు. ఈ సంఘంలో మాత్రం మంత్రతంత్రాలు, జ్యోతిషం అన్నీ ఆడవాళ్లకీ నేర్పేవారు. దీక్షా సమానమే, పదవులూ సమానమే. బ్రిటన్‌లో ఆడవాళ్లకు పార్లమెంటు ఓటు 1918 దాకా రాలేదు, అదీ 30 దాటినవాళ్లలో కొందరికే. అలాంటిది 1897లోనే ఫ్లోరెన్స్ ఫార్ అనే నటి సంఘం ఇంగ్లండు శాఖకి పెద్ద అయింది!

అంతా సవ్యంగా ఉందనుకునేరు. టీ వ్యాపారుల ఇంటి ఆడపిల్ల ఆనీ హార్నిమన్ సంఘం నాయకుడు మాథర్స్‌కి ఇల్లు గడవడానికి డబ్బు పంపేది. సంఘంలో ఒక డాక్టరు స్త్రీపురుష సంబంధాల గురించి చేసే బోధలు తగవని ఆవిడ ఫిర్యాదు చేసింది. మాథర్స్ ఆ డాక్టరునే వెనకేసుకొచ్చాడు. 1896లో ఆవిడ డబ్బు ఆపేసింది, ఆ ఏడాదే ఆయన ఆవిడని సంఘంలోంచి పంపేశాడు.

ఇక పమేలా. 1909లో ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే సంఘం పెద్దమనిషి ఆమెకి టారో బొమ్మల పని అప్పగించాడు. మొత్తం 78 కార్డులు, కొద్ది నెలల్లో ముగించింది. మన పేకలో ఆఠీను మూడు అంటే మూడు ఆఠీన్లు తప్ప ఏముంటుంది? అంతకుముందు టారోలోనూ చాలా కార్డులు అలాగే ఉండేవి. పమేలా మూడు గిన్నెల కార్డులో ముగ్గురు ఆడవాళ్లను పెట్టింది, గిన్నెలెత్తి ఆడుతున్నట్టు. తొమ్మిది కత్తుల కార్డులో రాత్రివేళ మంచం మీద లేచి కూర్చుని, చేతుల్లో మొహం దాచుకున్న మనిషి. దుప్పటి మీద గులాబీలు కూడా వేసింది. పిల్లల జ్వరానికో, అప్పు వాయిదాకో అలా లేచి కూర్చోని ఇల్లాలు ఎవరు చెప్పండి! దానికి అర్థం చెప్పే పుస్తకం మనకక్కర్లేదు.

ఆ నవంబరులో స్టీగ్లిట్జ్ అనే ఫొటోగ్రాఫరుకి ఉత్తరం రాస్తూ, పెద్ద పనే ముగించాననీ, చేతికొచ్చింది మాత్రం బహు తక్కువనీ చెప్పుకుంది. కార్డులకేమో ప్రచురణ సంస్థ పేరూ, పని చెప్పినాయన పేరూ కలిపి 'రైడర్-వెయిట్' అన్న పేరు స్థిరపడిపోయింది.

పమేలా 1911లో కేథలిక్ మతం పుచ్చుకుంది. పెళ్లి చేసుకోలేదు. నోరా లేక్ అనే స్నేహితురాలితో కలిసి కార్న్‌వాల్‌లో ఏళ్ల తరబడి ఉంది. ఉన్నదంతా ఆమెకే చెందాలని రాసిపెట్టింది కూడా. కానీ 1951లో పమేలా పోయాక సామానంతా అమ్మితే అప్పులకే సరిపోయింది. నోరాకి ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు చాలామంది 'రైడర్-వెయిట్-స్మిత్' అంటున్నారు. 2009లో, నూరేళ్లయిన సందర్భంగా వేసిన కార్డుల సెట్టుకి 'స్మిత్-వెయిట్' అని ఆమె పేరే ముందు పెట్టారు. ఎప్పుడైనా ఆ కార్డులు మీ కంటబడితే కింది మూల చూడండి. పొడి అక్షరాలు తీగలా మెలిపెట్టి సంతకం చేసి ఉంటుంది.