పలకల వెనుకనున్న గోడ

2014వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన స్వచ్ఛ భారత్ ఉద్యమము ప్రారంభమైన పిమ్మట గ్రామములందు మరుగుదొడ్ల నిర్మాణము విరివిగా జరిగినది. పాఠశాలలలోను, అంగన్‌వాడీ కేంద్రములలోను స్నానపు గదుల గోడలకు పింగాణీ పలకలు, అనగా టైల్సు, అతికించుట నేడు సామాన్యమైనది. ఇది శుభ్రతకు మేలైన ఏర్పాటే. కాని పలకల మన్నిక వాటి వెనుకనున్న గోడపై ఆధారపడి యుండును. అతికించిన పిమ్మట ఆ గోడ కంటికి కనబడదు. కనుక పంచాయతీ సభ్యులు ముందుగానే పరీక్షించుట అవసరము.

పాత గోడయైనచో తాపీ పిడితో మెల్లగా తట్టి చూడవలెను. గిలాబా గోడను విడిచినచోట డొల్ల ధ్వని వినబడును. ఆ భాగమును ఇటుక కనబడువరకు కొట్టివేసి తిరిగి పూయవలెను. సున్నమును, రంగును పూర్తిగా గీకివేయవలెను. సున్నముపై అతికిన పలక సున్నమును పట్టుకొనును గాని గోడను పట్టుకొనదు. సున్నపు పొర ఊడిననాడు పలకయు ఊడును. చౌడు పట్టిన గోడకు చెమ్మ ఎచ్చటినుండి వచ్చుచున్నదో కనుగొని, ముందుగా దానిని అరికట్టవలెను.

గోడలోని నీటి గొట్టములకు మూతలు బిగించి, నీటితో నింపి, కారుట లేదని రూఢి చేసికొనిన తరువాతనే గాళ్లను పూడ్చవలెను. ఈ పని మరచినచో, పిదప పలకలను పగులగొట్టవలసి వచ్చును.

క్రొత్త గిలాబాకు 1 పాలు సిమెంటు, 4 పాళ్లు ఇసుక కలిపి, సుమారు 12 మిల్లీమీటర్ల మందమున పూయవలెను. దానిని నున్నగా రుద్దరాదు. పచ్చిగానున్నప్పుడే గీతలు గీయవలెను. కాంక్రీటు స్తంభములకు ఉలితో గాట్లు పెట్టవలెను. ఇటుకయు కాంక్రీటును కలియుచోట సన్నని ఇనుపతీగెల వలను బిగించి పూసినచో పగులు రాదు. గిలాబాను కనీసము 7 దినములు తడుపవలెను.

పిమ్మట తూకపు గుండుతో నిలువును, మూలమట్టముతో మూలలను, 6 అడుగుల తిన్నని పట్టెతో చదునును చూడవలెను. పట్టె క్రింద 3 మిల్లీమీటర్లకు మించిన సందున్నచో గోడనే సరిచేయవలెను. పల్లమును సిమెంటు ముద్దలతో నింపి పలకను నొక్కినచో, వెనుక ఖాళీలు మిగులును. బకెట్టు తగిలినంతనే పలక పగులును.

నీరు పడు భాగమునకు, ముఖ్యముగా గోడయు నేలయు కలియు మూలలకు, సిమెంటుతో కూడిన నీటినిరోధక పూతను రెండుసార్లు వేయవలెను. మొదటి పూత నిలువుగాను, రెండవది అడ్డముగాను ఉండవలెను.

సాధారణ పింగాణీ పలకలను సిమెంటుతో అతికించునపుడు వాటిని నీటిలో నానబెట్టి, గోడను తడుపవలెను. లేనిచో అవి సిమెంటులోని నీటిని పీల్చివేయును. విట్రిఫైడ్ పలకలు నీటిని అంతగా పీల్చవు గనుక వాటికి సిమెంటు ముద్ద గట్టిగా పట్టదు. వాటికి భారతీయ ప్రమాణము 15477కు లోబడిన జిగురును వాడవలెను.

గిలాబా పని ముగిసి పలకల పని మొదలగుటకు ముందు ఒక దినమును పరీక్షకై కేటాయింపుడని సభ్యులు ఇంజనీరును, మేస్త్రిని కోరవలెను. ఆ దినమున స్వయముగా వెళ్లి గోడను తట్టి, పట్టె ఆనించి చూడవలెను. తలకెత్తున నుండి ఊడిన పలక స్నానము చేయు బిడ్డపై పడగలదు. ఒకే పనికి రెండుసార్లు వ్యయమగు ధనము గ్రామ ప్రజలదే.