పంచాయతీ ట్రాక్టరు కదలని ఉదయమున

తెల్లవారి ఆరు గంటలు. వీధులూడ్చి కుప్పలు పెట్టిన చెత్త ఎక్కడిదక్కడనే యున్నది. నర్సరీకి నీరు మోయవలసిన టాంకరు కదలలేదు. పంచాయతీ కార్యాలయము ముందు ట్రాక్టరు చుట్టు పదిమంది చేరి తలకొక మాట చెప్పుచున్నారు. బ్యాటరీ పోయినదని ఒకరు, పంపు పోయినదని మరొకరు, పోయిన నెలలో పోసిన డీజిలే మంచిది కాదని ఇంకొకరు. ఇట్టి దృశ్యమును ఒక్కసారియైనను చూడని పంచాయతీ సభ్యులు అరుదు.

తెలంగాణలో 2019 సెప్టెంబరున పల్లె ప్రగతి కార్యక్రమము మొదలైన పిమ్మట 12,700 కు పైబడిన గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి టాంకరు సమకూడినవి. రైతు ట్రాక్టరు చెడినచో ఖర్చు రైతుది. పంచాయతీ ట్రాక్టరు చెడినచో ఆ బిల్లును సభ్యులు ఆమోదింపవలెను. మెకానిక్కు విద్య యంతయు మనకు అక్కరలేదు. కాని లోపమును ఏ వరుసలో వెదకవలెనో తెలియనిచో, ఊడిన తీగకు సైతము పంపు మరమ్మతు సొమ్ము చెల్లింపవలసివచ్చును.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని సుమారు పదునారవ వంతుకో పదునెనిమిదవ వంతుకో అణచివేయును. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడెక్కును. అందులోనికి నాజిలు డీజిలును తుంపరగా చిమ్మగానే అది తనంత తాను మండును. కావున ఇంజను తగినంత వేగముగ తిరుగవలెను. గాలిబుడగ లేని డీజిలు నాజిలువరకు చేరవలెను. లోనికి పోవు గాలికి అడ్డు ఉండరాదు. ట్రాక్టరు స్టార్టు కానపుడు ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పినదన్నమాట.

అందుచేత మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న యిది: తాళము త్రిప్పినపుడు ఇంజను తిరుగుచున్నదా, లేదా? డ్రైవర్లు "సెల్ఫు తీసుకొనుట లేదు" అనుట వేరు, "సెల్ఫు తీసుకొనుచున్నది, స్టార్టు కాదు" అనుట వేరు. మొదటిది కరెంటు సంగతి. రెండవది చాలవరకు డీజిలు సంగతి.

సెల్ఫు తీసుకొననపుడు మొదట గేరు న్యూట్రలులో ఉన్నదా, క్లచ్చి పూర్తిగా తొక్కబడినదా, పి.టి.ఓ. మీట విడిచియున్నదా చూడవలెను. ఇవి సరిగా లేనిచో అనేక ట్రాక్టర్లలో రక్షణ స్విచ్చి కరెంటును పోనీయదు. తరువాత బ్యాటరీ కొనలు. వానిపై తెల్లగనో పచ్చగనో పొడి పేరినచో, తీగలు విప్పి (ముందు నెగటివు తీగ) గరుకు కాగితముతో రుద్ది, మరల బిగింపవలెను. బిగించునపుడు నెగటివు తీగ చివరిది. నిండుగా చార్జియున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపును, 12.4 కు తగ్గినచో చార్జి చేయింపవలసినదే.

పంచాయతీ ట్రాక్టరు బ్యాటరీకి ప్రత్యేకమైన కష్టమొకటి కలదు. పొలము దున్ను ట్రాక్టరు ఒకసారి స్టార్టయినచో గంటలకొలది నడచును. చెత్త ట్రాక్టరు వీధి వీధికి ఆగి మరల స్టార్టగును. ప్రతిసారి ఖర్చయిన కరెంటు తిరిగి చేరుటకు వ్యవధి దొరకదు. కావున నెలకొకసారి దానిని బయట చార్జి చేయించుట మేలు. మూతలున్న బ్యాటరీలో డిస్టిల్డు వాటరే పోయవలెను. బోరు నీరు పోసిన పలకలు చెడును.

ఇచ్చట ఒక ప్రాణాంతకమైన అలవాటును గూర్చి చెప్పక తప్పదు. సెల్ఫు తీసుకొననపుడు కొందరు నేలపై నిలువబడి, స్క్రూడ్రైవరుతో స్టార్టరు మోటారు కొనలు రెండింటిని కలుపుదురు. అట్లు చేసినచో రక్షణ స్విచ్చికి పని యుండదు. ట్రాక్టరు గేరులో ఉన్నచో ఇంజను అందుకొనగనే ముందుకు కదలును. కలిపినవాడు నిలుచున్నది వెనుక చక్రమునకు ముందు. తప్పించుకొనుటకు క్షణము కూడ చిక్కదు. మీ పంచాయతీ డ్రైవరు ఈ పని చేయుచున్నచో, అతడెంత నేర్పరియైనను, మాన్పింపవలసిన బాధ్యత సభ్యులది.

ఇక ఇంజను తిరిగియు స్టార్టు కానిచో పొగగొట్టము వైపు చూడవలెను. తెల్లని పొగ వచ్చుచున్నచో డీజిలు చేరుచున్నది కాని మండుట లేదు. చలి ఎక్కువగనుండుట, ఇంజను మందముగ తిరుగుట, నాజిళ్ళు చెడుట, ఇంజనులో ఒత్తిడి తగ్గుట ఇందుకు కారణములు. మొదటి రెండు కానిచో మెకానిక్కును పిలువవలెను. పొగ బొత్తిగా రానిచో డీజిలే చేరుట లేదు.

మేమొకసారి ఒక గ్రామమునకు పోయినపుడు జరిగినది వినదగినది. ఉదయము నుండి ట్రాక్టరు స్టార్టు కాలేదు. ఫిల్టరు విప్పిరి, పైపులు విప్పిరి, మరల బిగించిరి. మధ్యాహ్నమునకు వచ్చిన మెకానిక్కు ఇంజను ఆపు గుబ్బను లోనికి నెట్టెను. ముందునాటి సాయంత్రము లాగినదానిని ఎవరును తిరిగి నెట్టలేదు! అంతటితో అయిపోలేదు. పైపులు విప్పుటచే లోన గాలి పట్టినది. ఉదయము లేని లోపము మధ్యాహ్నమునకు నిజముగనే ఏర్పడినది. దానిని తీయుటకు మరి యొక గంట పట్టినది. తాళముతోనే ఆగు కొత్త ట్రాక్టర్లలో ఈ గుబ్బకు బదులు పంపువద్ద కరెంటుతో పనిచేయు మీట యుండును. వానిలో దాని తీగను, ఫ్యూజును చూడవలెను.

గుబ్బ సరిగనే యున్నచో టాంకులో డీజిలు ఉన్నదా, కొళాయి తెరచియున్నదా చూడుడు. ముల్లును మాత్రమే నమ్మరాదు, మూత తీసి చూడవలెను. తరువాత ఫిల్టరు అడుగునకు చేరిన నీటిని మర విప్పి వదలవలెను. వానకాలమున ఈ నీరు హెచ్చు. సాయంత్రమే టాంకు నింపియుంచినచో లోన తేమ పట్టుట తగ్గును. డ్రమ్ములో నిలువ చేసిన డీజిలును కదపక ఒక దినము తేరనిచ్చి పైనుండి తీయవలెను.

టాంకు పూర్తిగా ఎండిన తరువాత గాని, ఫిల్టరు మార్చిన తరువాత గాని గాలి పట్టుట సహజము. ఫిల్టరు పైనున్న గాలి మరను కొద్దిగా వదులు చేసి, చేతి పంపును ఆడింపవలెను. మొదట నురుగువలె బుడగలు వచ్చును. బుడగలు లేని డీజిలు వచ్చినపుడు పంపు ఆడించుచునే మర బిగింపవలెను. పిమ్మట పెద్ద పంపు వద్ద నున్న మరకు నిట్లే. ఇంతవరకు డ్రైవరు చేయగలడు. నాజిళ్ళకు పోవు సన్నని ఉక్కు పైపుల జోలికి మాత్రము పోరాదు. వానిలోని డీజిలు వేగమునకు చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. గాయము చీమకాటువలె చిన్నదిగ నుండును గాని వెంటనే ఆస్పత్రికి పోనిచో వ్రేలు పోగొట్టుకొనవలసివచ్చును.

సెల్ఫును ఒకసారి పది సెకండ్లకు మించి త్రిప్పరాదు. నిమిషము ఆగి మరల త్రిప్పవలెను. అట్లు ఆగనిచో ఉన్న లోపమునకు తోడు బ్యాటరీ దిగును, మోటారు కాలును.

మెకానిక్కుకు ఫోను చేయునపుడు "స్టార్టు కాలేదు" అని మాత్రమే చెప్పక, సెల్ఫు తీసుకొనుచున్నదా, పొగ వచ్చుచున్నదా, గాలి తీసి చూచితిరా అను మూడు సంగతులు చెప్పుడు. అతడు కావలసిన సామానుతోనే వచ్చును. విప్పిన పాత భాగమును పంచాయతీకి అప్పగింపవలెనని, బిల్లుపై ఆ భాగము పేరును, ట్రాక్టరు గడియారము చూపు గంటలను వ్రాయవలెనని ముందుగనే చెప్పియుంచుడు.