బతికి బట్టకట్టిన పాట: 'ఐ విల్ సర్వైవ్' నిర్మాణం, నిలకడ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
1978 అక్టోబరులో ఒక రికార్డు వెనుకవైపు పాటగా విడుదలైన 'ఐ విల్ సర్వైవ్' 1979 మార్చి నాటికి అమెరికా, బ్రిటన్ దేశాల్లో ప్రథమస్థానానికి చేరింది. డిస్కో సంగీతం ఆదరణ కోల్పోయిన తరువాత కూడా ఈ పాట నిలిచి ఉంది. ఆ నిలకడకు ఇతివృత్తం ఒక్కటే కారణం కాదు. వక్త ఎవరో, ఎదుటివారు ఎవరో తేల్చిచెప్పని రచన, ముగింపునకు చేరని స్వరావర్తం, శ్రోతలు తమ అవసరాల కొద్దీ పాటకు కల్పించిన ప్రయోజనాలు కలిసి దానిని నిలిపాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: డిస్కో, గ్లోరియా గేనర్, గేయ సాహిత్యం, వక్త, సంబోధన, ఖండిత నాయిక, అనువాదం.

1. ఉపోద్ఘాతం

మన తెలుగు శాఖల్లో గేయంపై జరిగే పరిశోధన ఎక్కువగా చరణాలను కాగితం మీద పెట్టుకొని సాగుతుంది. అలంకారాలను గుర్తిస్తాం, రసాన్ని నిర్ణయిస్తాం, కవి సామాజిక దృక్పథాన్ని చర్చిస్తాం. పాట వినపడకుండానే అధ్యయనం పూర్తవుతుంది. ఈ పద్ధతికి లొంగని పాటలు కొన్ని ఉన్నాయి. గ్లోరియా గేనర్ పాడిన 'ఐ విల్ సర్వైవ్' అటువంటిది. కాగితం మీద చూస్తే ఇది గొప్ప కవిత్వం కాదు. అపూర్వమైన ఉపమ ఒక్కటీ కనిపించదు. ప్రాసలు కూడా ఆంగ్ల గేయాల్లో అరిగిపోయినవే. అయినా నాలుగున్నర దశాబ్దాలుగా దేశదేశాల్లో, ఒకరితో ఒకరికి సంబంధం లేని సమూహాలు దీనిని తమ పాటగా చెప్పుకొంటున్నాయి. ఎందుకు అన్నదే ఇక్కడి ప్రశ్న.

డిస్కో అనగానే మెరిసే దుస్తులు, తిరిగే అద్దాల గోళం గుర్తుకు రావడం సహజం. ఆ సంగీతానికి మూలం మాత్రం 1970ల తొలినాళ్లలో న్యూయార్క్, ఫిలడెల్ఫియా వంటి నగరాల్లోని నల్లజాతివారు, లాటిన్ అమెరికన్లు, స్వలింగ ప్రేమికులు రాత్రివేళ కలుసుకొని నాట్యమాడిన చోట్లలో ఉంది. బయటి సమాజం తలుపులు మూసినవారు తెరుచుకొన్న గదులవి. ఈ నేపథ్యం లేకుండా పాట చరిత్ర అర్థం కాదు.

2. రికార్డుకు రెండు వైపులు

నెవార్క్ నగరానికి చెందిన గేనర్ అప్పటికే పేరున్న గాయని. 1975లో వచ్చిన ఆమె ఆల్బం 'నెవర్ కెన్ సే గుడ్‌బై'లో ఒక వైపంతా మూడు పాటలను విరామం లేకుండా కలిపి, నాట్యం ఆగకుండా ఉండేలా టామ్ మౌల్టన్ కూర్చాడు. డిస్కో రూపం స్థిరపడటంలో అదొక మైలురాయి. కాని 1978 నాటికి ఆమె పరిస్థితి బాగా లేదు. న్యూయార్క్‌లో ప్రదర్శన ఇస్తూ వేదిక మీద వెనక్కి పడిపోయింది. మరునాడు నిద్ర లేచేసరికి నడుము కింది భాగం చచ్చుబడింది. వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగింది. ఈ పాటను రికార్డు చేసినప్పుడు ఆమె వీపుకు ఆధారపట్టీ కట్టుకొని ఉంది.

పాట రాసినవారు డీనో ఫెకారిస్, ఫ్రెడీ పెరెన్. ఇద్దరూ మోటౌన్ సంస్థలో పనిచేసినవారే. 'జాక్సన్ 5' తొలి విజయాలకు పాటలు కట్టిన బృందంలో పెరెన్ ఒకడు. ఫెకారిస్‌ను ఆ సంస్థ ఉద్యోగం నుంచి తొలగించింది. పనిలేక ఇంట్లో కూర్చొన్న రోజుల్లో, ఎలాగైనా నిలదొక్కుకొంటానని తనకు తాను చెప్పుకొన్న మాటే ఈ పాటకు బీజమని అతడు తరువాతి కాలంలో వివరించాడు. ఈ విషయం మన చర్చకు ముఖ్యం. ప్రేమ విఫలమైన స్త్రీ పాటగా లోకం ఎరిగిన రచనకు మూలం ఒక మగవాడు పోగొట్టుకొన్న ఉద్యోగం.

పాలిడోర్ సంస్థ గేనర్ చేత 'సబ్‌స్టిట్యూట్' అనే వేరే పాట పాడించాలనుకొంది. పెరెన్, ఫెకారిస్ అందుకు ఒప్పుకొంటూ రికార్డు రెండో వైపు తమ సొంత పాట ఉండాలని షరతు పెట్టారు. ఆనాటి చిన్న రికార్డుకు రెండు వైపులుండేవి. సంస్థ ప్రచారం చేసేదీ, రేడియోలు వేసేదీ మొదటి వైపు పాట. రెండోది ఖాళీ ఉండకూడదని నింపేది. పాట సాహిత్యం తెచ్చుకోవడం మరిచిపోయి ఫెకారిస్ దానిని ఒక గోధుమరంగు కాగితపు సంచి మీద రాసి ఇచ్చాడని గేనర్ చెప్పింది. అది చదవగానే తన వెన్నునొప్పి, అంతకు కొన్నేళ్ల ముందు కన్నుమూసిన తల్లి గుర్తుకొచ్చారట. గమనించండి, ఆమెకు గుర్తుకొచ్చింది ప్రియుడు కాదు. రాసినవాడికి ఉద్యోగం, పాడినామెకు వెన్నెముక, తల్లి. ఈ పాట అర్థం విడుదలకు ముందే మూడు దారులు పట్టింది.

విడుదలయ్యాక సంస్థ మొదటి వైపునే నమ్ముకొంది. గేనర్ మాత్రం రికార్డును న్యూయార్క్‌లోని 'స్టూడియో 54' నాట్యశాలకు తీసుకువెళ్లింది. అక్కడ రికార్డులు వేసే రిచీ కాజర్ దాన్ని తిప్పి రెండో వైపు వేయడం మొదలుపెట్టాడు. ఇతర నాట్యశాలలకు పాకి, రేడియోలకు శ్రోతల కోరికలు చేరాక సంస్థ దిగివచ్చి రెండో వైపును మొదటి వైపుగా మార్చింది. పాటను ఎంపిక చేసింది నిర్మాత కాదు, నాట్యమాడేవారు. జానపద గేయాల ప్రచారాన్ని పరిశీలించేవారికి ఇది కొత్త విషయం కాకపోవచ్చు. వాణిజ్య సంగీతంలో మాత్రం ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు.

3. ఈ నాయిక ఎవరు?

పాటలోని కథ చిన్నది. విడిచిపోయిన వ్యక్తి అకస్మాత్తుగా ఇంటికి తిరిగి వస్తాడు. వక్త మొదట తన పాత భయాన్ని, ఒంటరి రాత్రులను తలచుకొంటుంది. తాళం మార్చనందుకు తనను తాను తప్పుపట్టుకొంటుంది. తరువాత వచ్చినవాణ్ణి వచ్చిన దారినే పొమ్మంటుంది.

తెలుగు చదువుకొన్నవారికి ఇక్కడ వెంటనే ఖండిత నాయిక స్ఫురిస్తుంది. రాత్రంతా వేరొకరితో గడిపి తెల్లవారి వచ్చిన నాయకుణ్ణి నిలదీసే నాయికను క్షేత్రయ్య పదాల్లో చూశాం. నేను కూడా మొదట అలాగే అనుకొన్నాను. అయితే పోలిక కొంతదూరమే నడుస్తుంది. ఖండిత కోపానికి సాక్ష్యం నాయకుడి ఒంటి మీద ఉంటుంది. ఇక్కడ పరస్త్రీ ప్రస్తావనే లేదు. పంపివేసి పశ్చాత్తాపపడితే కలహాంతరిత అవుతుంది. ఈమెకు పశ్చాత్తాపమూ లేదు. అష్టవిధ నాయికల వర్గీకరణ మొత్తం నాయకుడితో ఆమెకున్న సంబంధం మీద ఆధారపడింది. అతడు రావడం, రాకపోవడం, దూరంగా ఉండటం, అధీనంలో ఉండటం – వీటిని బట్టే ఆమెకు పేరు. ఈ పాట సాగేకొద్దీ వక్త ఆ సంబంధం నుంచే బయటికి నడుస్తుంది. అందుకే ఆమెకు మన పట్టికలో స్థానం దొరకదు. స్థాయీభావం కూడా భయం దగ్గర మొదలై ఉత్సాహం దగ్గర తేలుతుంది. అంటే శృంగార సన్నివేశంలో వీరం పండుతుంది.

పైన నేను వాడిన 'ఆమె', 'అతడు' నిజానికి పాటలో లేవు. అక్కడ ఉన్నవి ఆంగ్లంలోని ఉత్తమ, మధ్యమ పురుష సర్వనామాలు మాత్రమే. పాడేవారు స్త్రీయా, పురుషుడా, తిరిగి వచ్చినవారెవరు అన్నది తెలిపే పదం ఒక్కటీ లేదు. తెలుగులో కూడా 'వచ్చాను', 'వచ్చావు' అన్న క్రియల్లో లింగభేదం తెలియదు. 'వచ్చాడు', 'వచ్చింది' అనగానే బయటపడుతుంది. అయితే ఆంగ్లంలో లేని చిక్కు మనకు మరొకటుంది. ఎదుటి వ్యక్తిని 'నువ్వు' అనాలా, 'మీరు' అనాలా? ప్రియుడైతే మొదటిది, యజమాని అయితే రెండోది. ఫెకారిస్ పోగొట్టుకొన్న ఉద్యోగం ప్రియుడి వేషంలో దాగడానికి ఆంగ్ల సర్వనామం చోటిచ్చింది. తెలుగులో ఆ పాట రాసి ఉంటే మొదటి పంక్తిలోనే రహస్యం తెలిసిపోయేది.

అనువాద పాఠంలో ఒకసారి ఎం.ఏ. విద్యార్థులకు ఈ పాట పేరు ఇచ్చి తెలుగు చేయమన్నాను. చాలామంది 'నేను జీవిస్తాను' అని రాశారు. అది జీవశాస్త్ర వాక్యంలా ఉంది. గట్టెక్కుతాను, నిలదొక్కుకొంటాను అన్నవి కొంత నయం. ఒక విద్యార్థిని 'బతికి చూపిస్తా' అంది. అందులో చూడవలసిన వ్యక్తి ఎదురుగా ఉన్నాడు. మూలంలోని సంబోధన అంతా ఆ ఒక్క సహాయక్రియలో పట్టుబడింది. అంతకంటే మంచి అనువాదం నాకు తట్టలేదు.

4. ముగియని ఆవర్తం

ఇక కాగితం చెప్పలేని సంగతి. పాట తాళం లేకుండా మొదలవుతుంది. పియానో ఒక్క ఊపున పైనుంచి కిందికి జారుతుంది. గొంతు దాదాపు మాట్లాడుతున్నట్లు నెమ్మదిగా భయాన్ని చెబుతుంది. మన ఆలాపన మాదిరిగా ఇక్కడ లయ స్వేచ్ఛగా ఉంటుంది. తాను బలపడ్డానని వక్త చెప్పే చోట తాళం ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి నిమిషానికి సుమారు 117 దెబ్బల వేగంతో, నాలుగు మాత్రలకూ నాలుగు సమానమైన దెబ్బలతో డోలు చివరిదాకా ఆగదు. ధైర్యం అన్న మాట వినడానికి ముందే కాలికి తెలుస్తుంది.

వెనుక నడిచే కార్డుల వరుస ఎ మైనర్‌తో మొదలై డి మైనర్, జి, సి, ఎఫ్, బి మీదుగా ఇ వద్దకు చేరుతుంది. ఒక్కచోట తప్ప ప్రతి అడుగూ షడ్జం నుంచి మధ్యమానికి వెళ్లినట్లుగా సాగుతుంది. ఐరోపా బరోక్ యుగపు స్వరకర్తలకు ఇది బాగా తెలిసిన బాట. ఆఖరి కార్డు ఇ వినగానే చెవి మళ్లీ ఎ మైనర్‌ను కోరుకొంటుంది. అలా ముగింపు అనిపించవలసిన చోటు మరో ఆరంభానికి నెడుతుంది. చరణానికైనా పల్లవికైనా ఈ ఎనిమిది కొలతల ఆవర్తమే. పాట మొత్తంలో వేరే వరుస లేదు. వాణిజ్య గేయంలో పల్లవి రాగానే సంగీతం మారి ఊరటనిస్తుంది. ఇక్కడ ఆ ఊరట లేదు. వక్త పరిస్థితులు మారలేదు, వాటి మీద నిలబడిన గొంతు మారింది. వెనుక వంతపాడే గొంతులు కూడా లేకపోవడంతో ఆ ఒంటరితనం చెవికి స్పష్టంగా అందుతుంది. సుమారు ఎనిమిది నిమిషాల ఆల్బం రూపంలోనూ పాట చివరికి ఆగదు, మెల్లగా వినపడకుండా పోతుంది.

5. డిస్కో పోయింది, పాట మిగిలింది

1979 జులై 12న షికాగోలోని కొమిస్కీ పార్క్ మైదానంలో రెండు బేస్‌బాల్ ఆటల నడుమ, స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత పిలుపు మీద జనం తెచ్చిన డిస్కో రికార్డులను పేల్చివేశారు. గుంపు మైదానంలోకి దూసుకువచ్చింది. రెండో ఆట జరగలేదు. దానిని వినోదంగా చూసినవారున్నారు. నల్లజాతివారి మీద, స్వలింగ ప్రేమికుల మీద ఉన్న ద్వేషం సంగీతం పేరుతో బయటపడిందని తరువాత పలువురు విమర్శకులు అన్నారు. నేను రెండో అభిప్రాయం వైపే మొగ్గుతాను. ఉత్తమ డిస్కో రికార్డింగుకు గ్రామీ పురస్కారం 1980లో ఒకే ఒక్కసారి ఇచ్చారు. అది ఈ పాటకు దక్కింది. ఆ విభాగాన్నే తరువాత ఎత్తివేశారు.

1980లలో ఎయిడ్స్ విజృంభించింది. కొన్నేళ్ల క్రితం ఈ పాటకు నాట్యమాడినవారిలో ఎంతోమంది రోగగ్రస్తులయ్యారు, మరణించారు. బతుకుతానన్న భవిష్యత్కాల క్రియకు అప్పుడు అలంకారం మిగలలేదు, అక్షరార్థమే మిగిలింది. రచయితలు గాని, గాయని గాని ఆ అర్థాన్ని ఉద్దేశించలేదు. విప్పి ఉంచిన సర్వనామాల్లోకి అది వచ్చి చేరింది. ఎదుట ఉన్నది ప్రియుడు కాక వ్యాధి అయినా, వెలివేసిన కుటుంబం అయినా పాటలో ఒక్క పదం మార్చనవసరం లేదు.

తరువాతి ప్రయాణం విచిత్రమైనది. 1994లో ఆస్ట్రేలియా చిత్రం 'ప్రిసిల్లా, క్వీన్ ఆఫ్ ది డెజర్ట్'లో స్త్రీవేషధారులైన కళాకారులు ఎడారిలో ఆదివాసుల నడుమ ఈ పాటకు ఆడారు. హెర్మెస్ హౌస్ బ్యాండ్ అనే డచ్ బృందం పాడిన రూపం 1998లో ప్రపంచకప్ గెలిచిన ఫ్రాన్స్ ఫుట్‌బాల్ జట్టుకు విజయగీతం అయింది. బాధ పూర్తిగా జారిపోయి ఉల్లాసమే మిగిలిన ఆ రూపం నాకు అంతగా రుచించదు. అన్నిటికంటే లోతైనది 2000లో సెలియా క్రూజ్ స్పానిష్‌లో పాడిన 'యో వివిరే'. క్యూబాను విడిచి తిరిగి వెళ్లలేకపోయిన ఆ గాయని పాటను తన ప్రవాస జీవితకథగా మార్చుకొంది. 2020 మార్చిలో కోవిడ్ కాలాన గేనరే ఇరవై సెకన్లు చేతులు కడుక్కోవడానికి దీన్ని పాడి చూపింది. అంతకు నాలుగేళ్ల ముందు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం దీనిని జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో చేర్చింది.

గేనర్ 1997లో వెలువరించిన ఆత్మకథకు ఈ పాట పేరే పెట్టుకొంది. 2013లో మరొక పుస్తకం తెచ్చింది. అందులో ఉన్నవి ఈ పాట పట్టుకొని కష్టం గడిచామని చెప్పిన ఇతరుల అనుభవాలు. దాని పేరు 'వి విల్ సర్వైవ్'. ఏకవచనం బహువచనమైంది. ఆంగ్లానికి అంతటితో సరిపోయింది. తెలుగు అనువాదకుడికి మరో ప్రశ్న మిగులుతుంది. అది 'మేము' అవుతుందా, 'మనం' అవుతుందా? ఎదుటివారిని వెలుపల నిలబెట్టి మొదలైన పాట కాబట్టి వ్యాకరణం 'మేము' వైపు లాగుతుంది. నా ప్రతిలో 'మనం' అనే రాసుకొన్నాను.