మడమ వంపులో ఊరి పేరు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, డోయిల్స్‌టౌన్ అనే ఊళ్లో మెర్సర్ మ్యూజియం ఉంది. అక్కడి పాత తుపాకుల్లో ఒకటి ఎడ్వర్డ్ మార్షల్ అనే వేటగాడిది. 1737లో లెనాపె తెగవాళ్ల భూమికి ఒక విచిత్రమైన ఒప్పందం ప్రకారం కొలత వేశారు. ఒకటిన్నర రోజులో మనిషి ఎంత దూరం నడిస్తే అంత నేల తమదని వలస పాలకుల వాదన. అందుకు ముగ్గురిని ఏర్పాటు చేసి దాదాపు పరుగెత్తించారు. చివరిదాకా నిలిచినవాడు మార్షల్ ఒక్కడే. అతని రైఫిల్‌ను తయారుచేసినవాడు కర్ర మీద పేరు వేయలేదు. గొట్టం చూస్తే జర్మనీది. కర్ర మాత్రం అమెరికన్ మేపుల్. ఇంతకీ ఈ తుపాకీ ఏ ఊరిదని చెప్పాలి?

జర్మనీదని చెప్పేవాళ్లు లేరు. బెత్లెహేం పట్టణానికి ఉత్తరాన, నాజరెత్ దగ్గర, మొరేవియన్ క్రైస్తవులు కట్టుకున్న క్రిస్టియన్స్ స్ప్రింగ్ అనే చిన్న స్థావరం వైపే పరిశోధకుల్లో చాలామంది వేలు చూపిస్తారు. వాళ్లకు ఆధారం గొట్టం కాదు. మడమ (భుజానికి ఆనించే కర్ర వెనక భాగం) వంపు, చెంప ఆనించే చోట చెక్కిన తీగ, మడమలో దాచిన చిన్న పెట్టె. అమెరికన్ పొడవు రైఫిల్ జన్మస్థలం కనిపెట్టే విద్యంతా ఈ చెక్కపని చుట్టూనే తిరుగుతుంది. ఇనుము సులువుగా చేతులు మారుతుంది. చెక్క చెక్కే అలవాటు అంత తేలిగ్గా మారదు.

ఈ పొడవు రైఫిల్ పూర్వీకుడు యేగర్ అనే జర్మన్ వేట తుపాకీ. గొట్టం సుమారు 30 అంగుళాలు, లావైన గుండు, బరువైన వాల్‌నట్ కర్ర. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో జర్మన్, స్విస్ వలసదారులు పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడినప్పుడు ఆ పనితనాన్నీ వెంట తెచ్చుకున్నారు. కొన్ని దశాబ్దాల్లో తుపాకీ ఒడ్డూ పొడుగూ మారిపోయాయి. గొట్టం 40 అంగుళాలు దాటింది, కొన్నింట్లో 48 దాకా వెళ్లింది. గుండు సన్నబడింది. ఇది పిసినారితనం కాదు, అడవి లెక్క. అంగుళంలో నూరింట అరవై వంతుల మందం గుళ్లు పోస్తే పౌండు సీసానికి ఇరవై చిల్లర వస్తాయి. నలభై అయిదు వంతులైతే యాభై దాటుతాయి. నెలల తరబడి కొట్టుకు దూరంగా తిరిగేవాడికి ఆ తేడా చిన్నది కాదు. గొట్టం పొడవైతే ముందు గురి, వెనక గురి మధ్య దూరం పెరిగి, చూపు కాస్త పక్కకు జరిగినా వెంటనే తెలుస్తుంది.

గొట్టం తయారీ అసలైన కమ్మరం పని. వెడల్పాటి ఇనుప బద్దను కొలిమిలో ఎర్రగా కాల్చి, కడ్డీ చుట్టూ మడిచి, అంచుల్ని సమ్మెటతో అతికిస్తారు. తరవాత లోపల బెజ్జం తొలిచి, బయట ఎనిమిది పలకలుగా ఆకురాయితో రాస్తారు. చివర్న లోపలి గోడకు మెలి తిరిగిన గాడులు కోస్తారు. అవి చాలా గొట్టాల్లో ఏడు. దాదాపు నాలుగు అడుగులకు ఒక చుట్టు చొప్పున తిరుగుతాయి. కొవ్వు రాసిన గుడ్డ పేలికలో గుండు చుట్టి దింపితే పేలిక గాడుల్లో బిగుసుకుంటుంది. పేలగానే గుండు గిర్రున తిరుగుతూ వెళ్తుంది, అందుకే దారి తప్పదు. ఆ రోజుల సైనిక మస్కెట్ నూరు గజాల లోపే గురి తప్పేది. మంచి రైఫిల్ 200 గజాల్లో మనిషిని కొట్టగలదని, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో అవతలి పక్షాన పోరాడిన జార్జ్ హాంగర్ అనే బ్రిటిష్ అధికారే రాసిపెట్టాడు. అయితే నింపడం ఆలస్యం, బాయినెట్ బిగించే వీలు లేదు. కాబట్టి యుద్ధం గెలిపించింది ఈ తుపాకీయే అనే కథల్ని కొంచెం తగ్గించుకుని వినాలి.

ఊరికో రూపం ఎలా వచ్చింది? దానికి కారణం శిష్యరికం. కుర్రాడు గురువు ఇంట్లోనే తిని, ఇంచుమించు ఇరవై ఒకటో ఏడు దాకా ఆ కొట్లోనే పనిచేసేవాడు. గురువు గీసిన మూసతోనే చెక్క కోసేవాడు, గురువు చెయ్యి తిరిగినట్టే ఉలి తిప్పేవాడు. సొంత కొట్టు పెట్టుకున్నా ఆ తిప్పుడు పోయేది కాదు. గోదావరి జిల్లాల మనిషి ఎన్నేళ్లు హైదరాబాదులో ఉన్నా కోపం వచ్చినప్పుడు యాస బయటపడుతుందే, అలాగన్నమాట.

పెన్సిల్వేనియాకు చెందిన సేకర్త జో కిండిగ్ జూనియర్ 1960లో ప్రచురించిన పెద్ద గ్రంథంలో ఈ తుపాకుల్ని ప్రాంతాలవారీ శైలులుగా విడగొట్టి చూపించాడు. అప్పటి నుంచి వాటిని చూసే పద్ధతే మారింది. లాంకాస్టర్ తుపాకీని పక్కనుంచి చూస్తే మడమ పై గీత, కింది గీత రెండూ దాదాపు తిన్నగా సాగి త్రిభుజంలా కనిపిస్తాయి. పక్కన ఇత్తడి పెట్టె మూతకు ముందు భాగంలో తరచూ డైసీ పువ్వు ఆకారం ఉంటుంది. తూర్పున లీహై లోయకు, అంటే అలెన్‌టౌన్, బెత్లెహేం ప్రాంతానికి వెళ్తే గీత వంగుతుంది. మడమ పైభాగం కొంకి ముక్కులా ఉబ్బుతుంది. చెక్కడం ఉబ్బెత్తుగా కాక లోతుగా గీసిన గీతల్లో ఉంటుంది. కొన్నింటి మీద మనిషి తల బొమ్మ కూడా కనిపిస్తుంది. రీడింగ్ చుట్టుపక్కల బెర్క్స్ కౌంటీ తుపాకులకూ ఇలాంటి వంపే. పశ్చిమ కొండల్లో బెడ్‌ఫర్డ్ కౌంటీది ఇంకో లోకం. అక్కడివి పందొమ్మిదో శతాబ్దపువి, బాగా సన్ననివి. నిప్పు పుట్టించే యంత్రం బిగించిన పలక పొడుగ్గా సన్నగా ఉంటుంది, దాని మీది సుత్తి కూడా నాజూగ్గా ఉంటుంది. ఒకసారి చూసిన కన్ను మరిచిపోదు.

వీటిలో పెట్టె మూతను మాత్రం నమ్మి మోసపోకూడదు. డైసీ పువ్వు అందంగా ఉంది కాబట్టి పక్క జిల్లాలవాళ్లూ కాపీ కొట్టారు. నిప్పు రాజేసే చెకుముకి యంత్రాల్లో చాలావరకు ఇంగ్లండు నుంచి దిగుమతైనవే, కాబట్టి దాని మీద బర్మింగ్‌హాం వ్యాపారి పేరు ఉంటే తుపాకీ బర్మింగ్‌హాందని కాదు. అనుభవమున్నవాళ్లు ముందు తుపాకీని నాలుగడుగుల దూరంలో ఆనించి ఆకారం మొత్తం చూస్తారు, చెక్కడం ఆ తరవాతే. మడమ మందం వయసు చెబుతుంది: 1775కు ముందువాటికి రెండంగుళాల దాకా లావు, చదునైన ఇత్తడి రేకు, 1820 నాటికి బాగా సన్నబడి, రేకు భుజానికి సరిపోయేలా నెలవంకలా వంగుతుంది.

సంతకం ఉన్నా చిక్కే. జేకబ్ డికర్ట్ (1740–1822) జర్మనీలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి, లాంకాస్టర్‌లో పేరుమోసిన తుపాకీ తయారీదారు అయ్యాడు. దక్షిణాదిన అతని పేరు వాడుకలో డెకర్డ్‌గా మారింది, సరిహద్దు జనానికి మంచి రైఫిల్ అంటే డెకర్డే. పేరు గొట్టం మీది పలకపై చెక్కి ఉంటుంది. అయితే గొట్టం గట్టిది, చెక్క విరిగేది. వాన, నేలమీద పడటం, గుర్రం తొక్కడం వంటివాటితో కర్ర పోతే, గొట్టం తీసుకెళ్లి దూరాన ఏ టెన్నెసీలోనో కొత్త కర్ర వేయించుకునేవాళ్లు. గొట్టం మీద లాంకాస్టర్, ఒళ్లంతా టెన్నెసీ. అలాంటి తుపాకీ దేనిదని అడిగితే రెండు జవాబులూ సరైనవే.

దక్షిణం ప్రస్తావన వచ్చింది కాబట్టి దారి గురించి కూడా చెప్పుకోవాలి. ఫిలడెల్ఫియా నుంచి లాంకాస్టర్, యార్క్ మీదుగా షెనాండోవా లోయలోకి దిగి కరోలినాలకు చేరే బండిబాటను గ్రేట్ వాగన్ రోడ్ అనేవాళ్లు. భూమి కోసం వెళ్లిన కుటుంబాలతో పాటు శిష్యరికం ముగించిన కుర్రాళ్లూ ఆ బాటే పట్టారు. అందుకే వర్జీనియా లోయలో విన్‌చెస్టర్‌లో చేసిన రైఫిల్‌లో పెన్సిల్వేనియా పోలిక ఉంటుంది. ఇంకా దక్షిణానికి వెళ్లేకొద్దీ ఇత్తడికి బదులు ఇనుము, ఉలిపనికి బదులు నున్నటి చెక్క. టెన్నెసీ కొండల్లో బీన్ కుటుంబం వంటివాళ్ల చేతుల్లో పెట్టె అరటిపండులా సన్నగా పొడుగ్గా సాగింది, గొట్టం వెనకటి ఇనుప నాలుక మడమ శిఖరం దాకా పాకింది. పేదవాడి తుపాకీకి పెట్టే లేదు. చెక్కలో చిన్న గుంట, అందులో కొవ్వు. అలంకారం తక్కువైనా ఇనుముతో కట్టిన ఆ కొండ తుపాకులకు ఒక బిగువు ఉంటుంది. చూడ్డానికి అవే బాగుంటాయి కూడా.

ఈ కథలో శాంతికాముకుల పాత్ర వింతైనది. మొరేవియన్లు చాలాకాలం ఆయుధం పట్టబోమన్నారు, కానీ క్రిస్టియన్స్ స్ప్రింగ్‌లో వాళ్ల కొలిమి తుపాకులు చేసింది. వాళ్ల సంఘంలో ప్రతి సభ్యుడి జీవితకథ రాసిపెట్టే ఆచారం ఉండటం చరిత్రకారులకు అదృష్టం. జర్మనీలో పని నేర్చుకుని 1750లో వచ్చిన ఆండ్రియాస్ ఆల్బ్రెక్ట్ అక్కడ తుపాకీ కొట్టు నడిపాడని, తరవాత బెత్లెహేంలో సత్రం చూసుకున్నాడని, ఆపై లాంకాస్టర్ కౌంటీలోని లిటిట్జ్‌కు మారాడని ఆ కాగితాల వల్లే తెలిసింది. మిగతా ఊళ్లలో పరిశోధకులకు దిక్కు పన్ను జాబితాలు, చర్చి రిజిస్టర్లు, వీలునామాలు. ఒక పేరుకు ఎదురుగా తుపాకీ పనివాడు అని రాసి ఉంటే, ఆ ఊళ్లో ఆ ఏడు అతను ఉన్నాడని రుజువు. శైలి ఒకవైపు, కాగితం మరోవైపు. రెండూ కలిసినప్పుడే నమ్మకం.

నకిలీల బెడద వేరు. పాత మామూలు తుపాకీకి కొత్తగా ఉలిపని చేర్చి, ఇత్తడి పెట్టె తొడిగి, గొప్పదిగా అమ్మడం ఏనాటి నుంచో ఉన్న వ్యాపారం. చెకుముకి తుపాకుల్ని పందొమ్మిదో శతాబ్దంలో సుత్తి దెబ్బకు పేలే టోపీ మందుకు మార్చుకున్నారు. తరవాతి సేకర్తలు వాటిని మళ్లీ చెకుముకికి మార్పించారు, కాబట్టి యంత్రం కొత్తదైనా కర్ర అసలుదే కావచ్చు. ఇక్కడ ప్రయోగశాల సాయపడుతుంది. అతినీలలోహిత దీపం కింద పాత పూత, కొత్త పూత వేర్వేరుగా మెరుస్తాయి. ఎక్స్‌రే కిరణాలతో ఇత్తడిలో జింకు ఎంతో తేలుతుంది. పాత పద్ధతిలో రాగిని జింకు ఖనిజంతో వేడిచేసి చేసిన ఇత్తడిలో అది సుమారు 30 శాతం దగ్గరే ఆగిపోయేది. అంతకు బాగా మించితే అనుమానించాలి. కొలిమి ఇనుములో మడ్డి చారలుంటాయి, ఆమ్లం తగలగానే కనిపిస్తాయి. ఆధునిక ఉక్కు నున్నగా ఉంటుంది. కర్ర అమెరికన్ నల్ల వాల్‌నట్టా, యూరప్ వాల్‌నట్టా అనేది సూక్ష్మదర్శిని చెబుతుంది. ఇవన్నీ కాదనడానికి పనికొస్తాయి. ఈ ఊరిదే అని చెప్పడం మాత్రం ఏ యంత్రానికీ చేతకాదు.

ఉలి జాడను గుర్తుపట్టాలంటే ఉలి పట్టినవాడు కావాలి. వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో వాలెస్ గస్లర్ అనే తుపాకీ పనివాడు కొలిమి దగ్గర మొదలుపెట్టి పూర్తి రైఫిల్ ఒకటి పాత పనిముట్లతోనే తయారుచేసి చూపించాడు. 1969లో ఆ పనిని సినిమాగా కూడా తీశారు. ఆ రకమైన చేతి అనుభవం వచ్చాక, ఏ గీత పనిముట్టు వల్ల వచ్చింది, ఏది పనివాడి ఇష్టం కొద్దీ వచ్చింది అనేది విడదీయడం సులువైంది. సంతకం లేని ఎన్నో దక్షిణాది తుపాకుల్ని పెన్సిల్వేనియా ఖాతాలోంచి తీసి వాటి సొంత ఊళ్లకు పంపగలిగారు.

క్రిస్టియన్స్ స్ప్రింగ్ కొట్టు ఆల్బ్రెక్ట్ తరవాత జోహాన్ క్రిస్టియన్ ఊర్టర్‌కు వచ్చింది. అతను 1775లో చేసిన ఒక రైఫిల్ మీద పేరు, సంవత్సరం రెండూ ఉన్నాయి. ఇలాంటివి చాలా అరుదు, కాబట్టి పేరులేని తుపాకుల్ని పోల్చి చూడటానికి అదొక కొలబద్ద. 1971లో వ్యాలీ ఫోర్జ్ మ్యూజియంలో అద్దాల పెట్టెలోంచి అది మాయమైంది. 2018లో బెర్క్స్ కౌంటీలో ఒక పాత సామాన్ల వ్యాపారి దాన్ని కొన్నాడు. నకిలీదేమో అనుకున్నాడు మొదట. తరవాత వివరాలు సరిచూసుకుంటే అసలు సంగతి బయటపడింది. ఇప్పుడది ఫిలడెల్ఫియాలోని మ్యూజియం ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్‌కు చేరింది. నలభై ఏడేళ్ల పాటు ఫోటోలతోనే సరిపెట్టుకున్న పరిశోధకులు, మార్షల్ రైఫిల్ వంటి సంతకం లేనివాటి చెక్కడాన్ని మళ్లీ అసలుదానితోనే పోల్చి చూసుకోగలుగుతున్నారు.