పిడికెడు చక్కెరకి బస్తా సిమెంట్ బందీ!

మీకు తెలుసా? 50 కిలోల సిమెంట్ బస్తాలో 25 గ్రాముల చక్కెర పడితే చాలు, అది గట్టిపడటం దాదాపు నాలుగు గంటలు ఆలస్యం! అర కిలో పడిందా, ఇక పట్టుమీద ఆశ వదులుకోవాల్సిందే. ఉప్పల్‌లో స్లాబ్ పోసేరోజు మేస్త్రీలకు టీ ఇవ్వండి గానీ, చక్కెర డబ్బా మాత్రం మిల్లర్ దగ్గరికి రానివ్వకండి!

ఇంకో వింత. చిటికెడు చక్కెరతో ఆలస్యంగా పట్టిన కాంక్రీటు, నెల తిరిగేసరికి మామూలు కాంక్రీటుని బలంలో మించిపోవచ్చు. నిదానమే ప్రధానం!

మీకు తెలుసా? ఉప్పల్‌లో బస్సెక్కి యాదగిరిగుట్ట వెళితే కథ తిరగబడుతుంది. 2022 మార్చి 28న మళ్లీ తెరుచుకున్న ఆ ఆలయంలో కృష్ణశిలల్ని కలిపింది డంగు సున్నం. అందులో కరక్కాయ, కలబంద, జనపనార, వాటితోపాటు బెల్లం! సున్నానికి నేస్తమైన తీపే సిమెంట్‌కి శత్రువు!

అసలు ప్రతి బస్తాలోనూ ఒక బ్రేకు ముందే ఉంటుంది తెలుసా? దాని పేరు జిప్సం. అది లేకపోతే నీళ్లు తగిలిన కొన్ని నిమిషాల్లోనే సిమెంట్ బిగుసుకుపోతుంది. తాపీ చేతికి అందేలోపే రాయి!

ట్రైఇథనాలమైన్ సంగతి విన్నారా? బస్తాకి 10 గ్రాములు వేస్తే తొందరపెడుతుంది. 125 గ్రాములు వేస్తే ఆలస్యం చేస్తుంది. అర కిలో వేస్తే మళ్లీ పరుగే పరుగు! పూటకో పార్టీ మార్చే రసాయనం!

కాల్షియం క్లోరైడ్ కూడా సిమెంట్‌ని ఉరికిస్తుంది. కానీ లోపలి ఇనుప చువ్వల్ని తుప్పు పట్టిస్తుంది. స్లాబులోకి ప్రవేశం లేదు!

నాచారం వెళ్లాల్సిన రెడీమిక్స్ లారీ ఉప్పల్ రింగురోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే? రెడీమిక్స్‌కి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 4926 ప్రకారం నింపిన 2 గంటల్లో ఖాళీ చేసేయాలి. ఆలస్యం చేసే రసాయనం కలిపితే గడువు పెరుగుతుంది. అలాంటి వాటిలో ఒకటైన లిగ్నోసల్ఫోనేట్, కాగితం గుజ్జు కోసం కలప ఉడికించగా మిగిలిన ద్రవం నుంచి వస్తుంది. మీ పిల్లల నోటుబుక్కుకి మీ స్లాబు చుట్టమన్నమాట!

మీకు తెలుసా? మామూలు సిమెంట్ 30 నిమిషాలకు ముందు పట్టు మొదలెట్టకూడదు, 600 నిమిషాలు దాటి సాగదీయకూడదు. తేల్చేది 1 చదరపు మిల్లీమీటరు మొన ఉన్న సూది! దానికి ఫ్రెంచి ఇంజినీరు లూయీ వికా పేరే పెట్టారు. ఐఫెల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయనదీ ఒకటి. ఇనుప టవర్ మీద సిమెంట్ మనిషి!